నమోదు పుస్తకమునకు తాళమెక్కడ?

(దుర్గాపూరులో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కార్యక్రమ పత్రములో మా ప్రసంగమునకు ఎదురుగా “సర్వరుల విషయము” అని ఉండుట చూచి, వెనుక వరుసలోని కొందరు తేనీటికై లేచుట మా కంటబడినది. కొంచెము సేపు కూర్చొనుడని మనవి. మేము మాటలాడబోవునది యంత్రములను గురించియే. కాని మీరు నెలనెల చెల్లించు చందా, మీ పిల్లల పేర్లు, ఇంటిలో అశుభము జరిగిన నాడు మీకు చేరవలసిన సహాయము, ఇవన్నియు నేడు ఆ యంత్రములలోనే యున్నవి.

ఈ జిల్లాను చాందా యని పిలుచుచుండిన దినములలోనే (చంద్రపూర్ అను పేరు 1964లో వచ్చినది) మనవారు బొగ్గుగనుల పనికని, వ్యాపారమునకని ప్రాణహితకును గోదావరికిని ఆవలి నుండి వచ్చి ఇచ్చట స్థిరపడిరి. మన కుటుంబముల పేర్లు వ్రాయుటకు మొదట ఒక కాగితపు పుస్తకముండెడిది. అది దుర్గాపూరు కార్యాలయపు బీరువాలో ఉండెడిది. వ్రాయవలసినవారు అచ్చటికే వచ్చి వ్రాసెడివారు. ఇద్దరు ఒకేసారి వ్రాయబోయినచో ఒకరి మోచేయి మరొకరికి తగిలెడిది. ఆ మోచేయియే ఆ పుస్తకమునకు పెద్ద రక్షణ. దానిని గురించి నాడు ఎవరును ఆలోచింపలేదు, ఆలోచింపవలసిన పనియు లేకుండెను.

తరువాత ఆ పుస్తకమును కంప్యూటరులోనికి మార్చితిమి. మైక్రోసాఫ్టు వారు 1992లో మొదట వెలువరించిన యాక్సెస్ అను డేటాబేసులో మన నమోదు ఇప్పుడు నడచుచున్నది. బల్లార్‌పూరులో సభ్యులు పెరిగి, అచ్చట శాఖ వెలసిన పిమ్మట, దుర్గాపూరులో ఒకటి, బల్లార్‌పూరులో ఒకటి, రెండు సర్వరు యంత్రములు సమకూడినవి. విండోస్ సర్వరులోని డీఎఫ్ఎస్ రెప్లికేషన్ అను ఏర్పాటుతో ఒకచోటి ఫైలు రెండవచోటికి తనంతట తాను నకలగునట్లు మన యువకులు రాత్రులు మేలుకొని కుదిర్చిరి. వారి శ్రమను మేము తక్కువ చేయము. ఇప్పుడు వారి ప్రతిపాదన యేమనగా, ఇకపై రెండు ఊళ్ళలోను పుస్తకములో వ్రాయవచ్చునని. “ఒకచోట పుస్తకము తెరచినప్పుడు లాకు ఫైలు పుట్టును. ఆ లాకు ఫైలు కూడ రెండవచోటికి నకలగుచున్నది. కావున అచ్చటివారికి తెలిసిపోవును, భయము లేదు” అని వారి వాదము.

ఈ వాదము వినుటకు బాగుగనే యున్నది. మేము దీనిని ఒప్పుకొనలేము. ఎందుచేతనో చెప్పెదము.

యాక్సెస్ పుస్తకమును పదిమంది పంచుకొనునట్లుగా తెరచినప్పుడు, మొదటివాడు తెరచిన క్షణముననే దాని ప్రక్కన అదే పేరుతో ఒక చిన్న ఫైలు పుట్టును. పాత పద్ధతి పుస్తకములకు దాని తోక ఎల్‌డీబీ. 2007 నుండి వచ్చిన కొత్త పద్ధతికి ఎల్‌ఏసీసీడీబీ. చివరివాడు పుస్తకము మూసి పోవునప్పుడు అది తొలగిపోవును. దీనినే లాకు ఫైలందురు. పండుగ దినములలో ఆసిఫాబాదు బస్సు వచ్చి ఆగీ ఆగకముందే కిటికీలోనుండి చేతిరుమాలు విసరి సీటు పట్టు విద్యను మనవారికి వేరుగ నేర్పనక్కరలేదు. లాకు ఫైలు ఆ చేతిరుమాలు వంటిది. రుమాలు సీటును పట్టి నిలుపలేదు. దాని వెనుక మనిషి వచ్చుచున్నాడను నమ్మకము, ఆ బస్సులోనివారు ఆ నమ్మకమును మన్నించుట, ఇవి సీటును నిలుపుచున్నవి. ఈ రుమాలు వంటిదే మరొకటి కుట్టించి, బల్లార్షాలో నిలిచిన వేరొక బస్సులో పరచినచో, ఆసిఫాబాదు బస్సులోని సీటునకు దానితో ఏమి సంబంధము?

పోలిక పోలికయే గనుక, లోపల జరుగు పని కూడ చూతము. ఆ చిన్న ఫైలులో తెరచిన ప్రతివానికి 64 బైట్ల స్థలముండును. అందు 32 బైట్లలో వాని కంప్యూటరు పేరు, మిగిలిన 32లో వాడు ప్రవేశించిన పేరు. ఒక పుస్తకమును ఒకేసారి 255 మంది వరకు తెరువవచ్చును గనుక, ఆ ఫైలు ఎంత పెరిగినను 16,320 బైట్లకు మించదు. ఒక విచిత్రమేమనగా, ఒకడు పుస్తకము మూసి పోయినను వాని పేరు అందులోనుండి వెంటనే చెరగదు. తరువాత వచ్చినవాని పేరు దానిపై పడువరకు అట్లే యుండును. కావున లాకు ఫైలు తెరచి చూచి “ఫలానావాడు లోపలనున్నాడు” అని నిశ్చయించుట ఒక్క యంత్రముమీద కూడ సరికాదు. ఇక నకలు మాట చెప్పనేల?

మరి అసలు తాళమెక్కడ ఉన్నది? అది సర్వరు యొక్క జ్ఞాపకములో ఉన్నది. పుస్తకము తెరచినవాని పక్షమున యాక్సెస్ వచ్చి సర్వరును, “ఈ ఫైలులో ఇన్నవ బైటును నాకై పట్టి యుంచుము” అని కోరును. సర్వరు పట్టి యుంచును. ఆశ్చర్యమేమనగా, ఆ కోరిన బైట్లు లాకు ఫైలులో నిజముగా లేనేలేవు. అవి ఫైలు అంతమునకు ఎంతో దూరమున, ఊహలో మాత్రమే యున్న స్థానములు. నూరు పుటల పుస్తకములో వేయవ పుటపై వ్రేలు పెట్టినట్లని యనుకొనుడు. పుట లేకపోయినను, ఒకే గుమాస్తా అందరి వ్రేళ్ళను చూచుచున్నంతవరకు ఆ పద్ధతి చక్కగా సాగును. ఆ గుమాస్తా దుర్గాపూరు సర్వరు. బల్లార్‌పూరు సర్వరు వేరొక గుమాస్తా. అతడు ఈ వ్రేళ్ళను ఎన్నడును చూడలేదు. ఫైలును నకలు చేసినప్పుడు పేర్ల చీటీ పోవును గాని వ్రేళ్ళు పోవు.

ఇప్పుడు నకలు చేయు ఏర్పాటును గురించి. డీఎఫ్ఎస్ రెప్లికేషన్ 2005లో విండోస్ సర్వర్ 2003 ఆర్2తో వచ్చినది. మారిన ఫైలులో మారిన భాగములను మాత్రమే పంపు నేర్పు దానికి గలదు. మన వంటి నెమ్మది నెట్టు గలవారికి అది గొప్ప మేలు. కార్యాలయపు ఉత్తరములు, ఫోటోలు, రసీదుల నకళ్ళు రెండు ఊళ్ళలో ఉంచుటకు దానికంటె సులువైనది మేమెరుగము. ఒకడు వ్రాసి, మిగిలినవారు చదువు ఫైళ్ళకు అది తగినది. కాని ఒక సర్వరుమీద తెరచిన ఫైలును రెండవ సర్వరుమీద తెరువకుండ ఆపు శక్తి దానికి లేదు. ఈ సంగతి మైక్రోసాఫ్టు వారే తమ పత్రములలో స్పష్టముగ చెప్పియున్నారు. ఆ కంపెనీకి 2014లో అధిపతియైన సత్య నాదెళ్ల గారు హైదరాబాదులో పుట్టినవారు. మనవాడే గదా యని మొగమాటపడి వారి యంత్రము చేయలేని పనిని చేయునని చెప్పుటకు వీలులేదు.

తెరచియున్న ఫైలును అది ఎట్లు చూచును? ఎవరైన ఫైలును ఇతరులు చదువరాని విధముగ పట్టుకొన్నచో, మూయువరకు వేచియుండును. ఇతరులు చదువవచ్చునని వదలిన విధముగ తెరచినచో, తెరచియుండగానే నకలు తీయవచ్చును. యాక్సెస్ పుస్తకమును పంచుకొని తెరచినప్పుడు ఈ రెండవ ప్రమాదమునకు ఎడమున్నది. గుమాస్తా సగము పద్దు వ్రాసి కలము ఎత్తకముందే ఎవరో పుట నకలు తీసినట్లగును. అట్టి నకలు బల్లార్‌పూరులో తెరచినచో పుస్తకము చెడినదని యంత్రము మొరపెట్టును. ఇది బయటికి కనబడు కీడు గనుక మేలే. కనబడని కీడు వేరొకటి కలదు. దానికి భయపడియే మేము ఇచ్చట నిలుచుంటిమి.

ఒక దినము నడకను చూతము. ఉదయము 10 గంటలకు దుర్గాపూరు గుమాస్తా నమోదు పుస్తకము తెరచును. లాకు ఫైలు పుట్టును. కొంతసేపటికి దాని నకలు బల్లార్‌పూరు చేరినదే యనుకొందము. 11 గంటలకు బల్లార్‌పూరు గుమాస్తా తన యొద్దనున్న పుస్తకమును తెరచును. యాక్సెస్ ప్రక్కనున్న లాకు ఫైలును చూచును, దానిపై ఎవరి పట్టైన కలదా యని తన సర్వరును అడుగును. ఎవరి పట్టును లేదని ఆ సర్వరు నిజమే చెప్పును. పుస్తకము తెరచుకొనును. హెచ్చరిక లేదు, గంట లేదు. ఇరువురును తామొక్కరే వ్రాయుచున్నామను నమ్మకముతో సాయంత్రము వరకు వ్రాయుదురు. దుర్గాపూరులో 20 చందాలు, బల్లార్‌పూరులో 12 చందాలు ఎక్కినవనుకొనుడు.

5 గంటలకు దుర్గాపూరు పుస్తకము మూతపడును. దాని మార్పులు బల్లార్‌పూరు చేరినను, అచ్చటి పుస్తకము తెరచియున్నందున అందులో ఇమడలేవు. అరగంట తరువాత బల్లార్‌పూరు పుస్తకము మూతపడును. ఇప్పుడు ఒకే పుస్తకమునకు రెండు రూపములు. ఈ ఏర్పాటు వాటిని పద్దు పద్దుగా చూచి కలుపునా? కలుపదు. పద్దనగా ఏమో దానికి తెలియదు; దానికి తెలిసినది ఫైలు మాత్రమే. చివర వ్రాసినవాడు గెలుచును, ఇది దాని నియమము. బల్లార్‌పూరు ఫైలు గెలిచి దుర్గాపూరునకు వచ్చి కూర్చొనును. ఓడిన ఫైలు, అందలి 20 చందాలతో సహా, దాచియుంచిన ఒక మారుమూల సంచిలోనికి పోవును. ఆ సంచికి పరిమితి యుండును. అది నిండినకొలది పాతవి తొలగింపబడుచుండును. సర్వరు తన దినచర్య పుస్తకములో 4412 అను సంఖ్యతో “ఒకే ఫైలు రెండు సర్వరులలో మారినది, తగాదా తీర్చితిమి” అను అర్థమునిచ్చు ఒక పంక్తి వ్రాయును. మన కార్యాలయములో ఆ పంక్తిని ప్రతిదినము చదువు మనిషి ఎవరో ఈ సభలో ఎవరైన చెప్పగలరా?

మరునాడు దుర్గాపూరు గుమాస్తా వచ్చి పుస్తకము తెరచును. అది చెడిపోలేదు, నిల్వ సరిగనే కూడియున్నది. నిన్నటి పద్దులు మాత్రము తాను వ్రాసినవి కావు. చిట్టాలో ఒక పుట చినిగినచో అంచు కనబడును. ఇచ్చట అంచు కూడ మిగులదు. ఆ 20 మందిలో ఒక యింటి యజమాని ఆరు నెలలకు కాలము చేసినచో, అంత్యక్రియల సహాయ నిధికై ఆ యిల్లాలు మన గుమ్మము త్రొక్కును. ఎడతెగక చందా చెల్లించిన కుటుంబమునకే సహాయమని మన నిబంధన. పుస్తకములో ఒక నెల ఖాళీ. రసీదు ఆమె యింటిలో ఏ డబ్బాలో ఉన్నదో ఆ సమయమున ఆమెకు జ్ఞాపకముండునా? ఆమెను మనము ప్రశ్నింపవలసి వచ్చును. పుస్తకమును కాక, ఆమెను!

పిల్లల జాబితా సంగతి కూడ ఇట్టిదే. మాతృభాషలో ప్రాథమిక విద్య కావలెనని అడుగుటకు 1956 నాటి ఏడవ సవరణతో రాజ్యాంగములో చేరిన 350-ఏ అధికరణము మనకు ఆధారము. కాని అధికారుల యెదుట ఆధారము వల్లించినంత మాత్రమున పని జరుగదు. ఎంతమంది పిల్లలు, ఏ వాడలో, ఏ తరగతిలో అని వారు అడుగుదురు. అప్పుడు మన చేతనున్న కాగితము నిన్నటి గెలిచిన ఫైలునుండి వచ్చినదా, ఓడిన ఫైలునుండి వచ్చినదా యని మనమే సందేహపడినచో, ఎదుటివారేమి నమ్ముదురు?

ఇక మిగిలిపోయిన లాకు ఫైళ్ళ బాధ చూడుడు. కరెంటు పోయి యంత్రము ఆరిపోయినప్పుడు, లేక తెరచినవానికి ఆ ఫోల్డరులో ఫైలు తొలగించు హక్కు లేనప్పుడు, లాకు ఫైలు అట్లే నిలిచిపోవును. పుస్తకము చెడినదని యాక్సెస్‌కు తోచినప్పుడు కూడ, చివర ఎవరుండిరో తెలియుటకై దానిని ఉంచివేయును. అట్టి ఫైలు రెండవ ఊరికి నకలైనచో అచ్చటివారు “ఎవరో వాడుచున్నారు కాబోలు” అని ఊరకే కాచుకొని కూర్చుందురు. తొందరగలవాడైనచో దానిని తొలగించును. ఆ ఊళ్ళో అది వట్టి కాగితము గనుక ఎదురులేక తొలగిపోవును. వెంటనే ఆ తొలగింపు కూడ ఒక ఆజ్ఞయై మొదటి ఊరికి పయనించును! అచ్చట అసలు లాకు ఫైలు వాడుకలో ఉన్నచో ఆ ఆజ్ఞ చెల్లక, మరల మరల ప్రయత్నించుచు, 4302 అను సంఖ్యతో ఫిర్యాదులు వ్రాసికొనుచుండును.

మనలో గనులలో పనిచేసినవారు చాలమంది కలరు. దీపముల గదిలో బిళ్ళ ఇచ్చి దీపము పుచ్చుకొని లోనికి దిగు పద్ధతి వారికి తెలియును. పైన బిళ్ళ మిగిలియున్నచో మనిషి క్రిందనున్నాడని లెక్క. షిఫ్టు ముగిసినది గదా యని, మనిషి పైకి వచ్చినాడో లేదో విచారింపక, బిళ్ళ తీసి వేయువానిని ఏ గనిలోను ఉంచరు. లాకు ఫైలు తొలగించుటకు ముందు అదే జాగ్రత్త కావలెను. ఏ సర్వరుమీద పుస్తకము తెరచిరో ఆ సర్వరుమీదనే, అందరు మూసిరని తెలిసిన పిమ్మటనే, తొలగింపవలెను.

యువకులలో ఒకరు నిన్న మాతో, “లాకు ఫైళ్ళను నకలు చేయవద్దని సర్వరునకు చెప్పవచ్చును గదా” అనిరి. చెప్పవచ్చును, చెప్పియే తీరవలెను. ఆ ఏర్పాటులో ముందుగానే కొన్ని మినహాయింపులున్నవి: టిల్డె గుర్తుతో మొదలగు పేర్లు, బీఏకే, టీఎంపీ తోకలు గలవి. మన లాకు ఫైళ్ళ తోకలు రెండును అందులో లేవు, చేర్పించవలెను. దానితో చెత్త తగ్గును. కాని ఇద్దరు రెండుచోట్ల వ్రాయుట ఆగదు. రుమాలును ఎత్తివేసినంతనే రెండు బస్సులు ఒక బస్సు కావు.

మరి కొందరు వ్యాపార మిత్రులు, “సర్వరులేల? డ్రాప్‌బాక్సులోనో, వన్‌డ్రైవులోనో, గూగుల్ డ్రైవులోనో పెట్టిన సరిపోవును” అనుచున్నారు. తెరచియున్న డేటాబేసు విషయమున అవియు ఇదే త్రోవ త్రొక్కును. డ్రాప్‌బాక్సు ఓడిన ఫైలును దాచివేయక, “తగాదా పడిన నకలు” అను అర్థముగల పేరు తగిలించి ప్రక్కనే ఉంచును. అది కొంత నయము. అయినను ఆ రెండింటిని ఎదురెదురుగ పెట్టి పద్దులు కలుపుపని మనుష్యులదే. దుకాణపు లెక్కలు టాలీలో వ్రాయువారికి కూడ ఈ మాట వర్తించును. దాని తాళపు పద్ధతి వేరైనను, ఒకే ఖాతా ఫోల్డరును రెండుచోట్ల తెరచి నడుమ నకలుయంత్రమును నిలుపుట దానికిని ప్రమాదమే.

రెండు ఊళ్ళలో వ్రాయుటకు లోకములో అసలు మార్గమే లేదా? కలదు. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, మైక్రోసాఫ్టు వారి ఎస్‌క్యూఎల్ సర్వర్ వంటివి ఫైలును నలుగురి చేతికి ఇయ్యవు. తామే కౌంటరులో కూర్చొని, ఎవరు ఏ పద్దు కోరినను తామే వ్రాయును. ఏ ఊరివారైనను నెట్టు ద్వారా ఆ ఒక్క కౌంటరునకే వత్తురు. నకలు కావలసినప్పుడు పద్దుల వరుసను పంపును గాని ఫైలును కాదు. యాక్సెస్‌లోనే 1995 నాటి కూర్పునుండి పద్దులను కలుపు ఒక ఏర్పాటుండెడిది. 2007 నాటి కొత్త పద్ధతి పుస్తకములకు దానిని ఇయ్యలేదు. 2013 కూర్పులో పూర్తిగా తీసివేసిరి. కౌంటరు పద్ధతికి మారవలెనన్నచో మన పుస్తకమును తిరిగి కట్టించవలెను, చూచుకొను మనిషిని పెట్టుకొనవలెను. వచ్చే సంవత్సరపు పద్దులో దానికి సొమ్ము చూపుదురేని మేము మొదట చేయెత్తుదుము. అంతవరకు ఉన్నదానితో నడుపుట యెట్లన్నది నేటి ప్రశ్న.

మా ప్రతిపాదన ఇది. పుస్తకములో వ్రాయుట దుర్గాపూరు సర్వరుమీద మాత్రమే. బల్లార్‌పూరు సర్వరులోని నకలును చదువుటకు మాత్రమే వీలగునట్లు చేయవచ్చును. విండోస్ సర్వర్ 2008 ఆర్2 నుండి ఆ సౌకర్యము గలదు. అప్పుడు అచ్చట ఎవరైన పొరపాటున వ్రాయబోయినను సర్వరే ఒప్పుకొనదు. చదివినవారు పని ముగియగనే పుస్తకము మూయవలెను. తెరచియుంచినచో దుర్గాపూరునుండి వచ్చు కొత్త రూపము బయటనే నిలిచిపోవును. దుర్గాపూరులో కూడ సాయంత్రము 6 గంటలకు అందరును పుస్తకము మూయవలెను. నకలు ప్రయాణము 7 గంటలనుండి తెల్లవారు 5 వరకు మాత్రమే జరుగునట్లు వేళలు నిర్ణయింపవచ్చును, ఆ ఏర్పాటులో ఆ వీలున్నది. 

బల్లార్‌పూరు సోదరులు దీనిని చిన్నతనముగ భావింపవలదని ప్రత్యేకముగ కోరుచున్నాము. మీ యొద్ద చందా తీసికొనుట ఆగదు. మూడు ప్రతుల రసీదు పుస్తకములు రెండు ఇప్పటికే అచ్చు వేయించితిమి. ఒక ప్రతి సభ్యునకు, ఒకటి మీ కార్యాలయమునకు, మూడవది వారమునకొకసారి దుర్గాపూరునకు. ఏనాటి వసూళ్ళు ఆనాడే 5 గంటలలోపల ఫోనులో చదివి చెప్పినచో ఇచ్చటి గుమాస్తా వెంటనే ఎక్కించి, సంఖ్యలు తిరిగి చదివి వినిపించును. మరునాటి ఉదయము మీ నకలులో అవి కనబడవలెను. కనబడనిచో అదే ఉదయము మాకు తెలుపుడు. వారము గడచిన పిమ్మట కాదు, ఎందుకనగా ఆ మారుమూల సంచి ఎప్పుడు నిండునో చెప్పలేము.

4412, 4302 అను రెండు సంఖ్యలు సర్వరు దినచర్యలో పడినవా యని ప్రతి సోమవారము చూచుటకు ఇద్దరు యువకులు పేర్లు ఇచ్చియున్నారు. రసీదు పుస్తకములు ద్వారము నొద్దనున్న బల్లపై ఉన్నవి. బల్లార్‌పూరువారు పోవునప్పుడు సంతకము చేసి తీసికొనిపొండు.